ఎండ మీద కేసుకు బొట్టు పెట్టి పిలిచింది

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు హన్మకొండ కోర్టు వరండాలో తెలిసింది. శివరాత్రి దాటిన వారం అది, ఎండ ఇంకా ముదరలేదు. ఫోన్ చేసిన ఆమె కోడలు ఏడవలేదు. "అత్తమ్మ లేస్తలేదు వదినా. చాయ్ పెట్టి లేపిన. లేస్తలేదు" అని మళ్లీ మళ్లీ అదే మాట చెప్పింది. నేను వచ్చి లేపితే లేస్తుందేమో అన్నట్టుగా చెప్పింది.

అంతకుముందు సాయంత్రమే పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. "జడ్జిగారు ఎండకాలంల గూడ గా నల్లకోటు ఏసుకోవాల్నా బిడ్డా? ఏమన్న మాఫీ ఉంటదా?" అని అడిగింది. మా వకీళ్ల సంగతి చెప్పగలను గానీ జడ్జిగారి సంగతి కనుక్కోవాలన్నాను. "కనుక్కో మరి" అని పెట్టేసింది. ఆమెతో నా ఆఖరి మాట అదే. ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. ఇలా ఆమె ప్రశ్నలు చాలామంది దగ్గర ఉండిపోయాయి. నేను ఇక్కడ చెప్పబోయేది వాటి గురించే.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. వరంగల్ మట్టెవాడలో ఒక సన్నటి గల్లీలో ఉండేది. కింద దుకాణాలు, వాటి వెనకా పైనా ఇళ్లు. మాది వ్యాపారస్తుల కుటుంబం. పెద్దబాపు, అంటే ఆమె భర్త, మార్కెట్ యార్డులో మిర్చి కమీషన్ వ్యాపారం చేసేవాడు. రైతులు తెచ్చిన మిర్చి బస్తాలను దగ్గరుండి వేలం వేయించడం ఆయన పని. ఇప్పుడది కొడుకు చూసుకుంటున్నాడు. నేను పక్కనే హన్మకొండలో వకీలును కాబట్టి, గల్లీలో ఎవరికి ఏ నోటీసు వచ్చినా ముందు పెద్దమ్మ చేతికి, అక్కణ్ణుంచి నా చేతికి వచ్చేది. మధ్యలో ఆమె దాన్ని మొత్తం చదివేది. మందుల చీటీ వెనక రాసింది కూడా చదివే మనిషి.

ఎండాకాలం రాగానే ఆమె గుమ్మం పక్కన రంజన్ వెలిసేది. పెద్ద మట్టికుండ, దాని చుట్టూ తడిగుడ్డ, మూత మీద బోర్లించిన స్టీలు గ్లాసు. దారిన పోయేవాళ్లు ఎవరైనా ముంచుకు తాగొచ్చు. కాకపోతే తాగిన మనిషి ఒక ప్రశ్నకైనా జవాబు చెప్పకుండా అక్కణ్ణుంచి కదలడం కష్టం. ఆటో నడిపే అతన్ని "ఎండకు నీ సీటు కాలుతదా, వెనుక కూసున్నోళ్ల సీటు కాలుతదా?" అని అడిగేది. పార్సిళ్లు తెచ్చే అతన్ని "డబ్బల ఏమున్నదో నీకు ముందే ఎర్కుంటదా?" అని అడిగేది. నెక్కొండ నుంచి వచ్చే చుట్టాలను వాళ్ల పిల్లల క్షేమం కంటే ముందు అక్కడి బర్రెల క్షేమం అడిగేది. మేడారం జాతర రోజుల్లోనైతే ఇక చెప్పనక్కర్లేదు, ఎక్కడెక్కడి వాళ్లో దొరికేవాళ్లు.

"గంత మందిని గన్ని అడుగుతవు, యాష్టకు రాదా, ఇసుగనిపియ్యదా పెద్దమ్మా?" అంటే నవ్వేది.

"అడుగుతె పోయేదేమున్నదే? చెప్పకుంటె వాళ్లిష్టం. అడగకుంటె మాత్రం మనదే తప్పు."

ఇలాంటి మనిషికి ఒక్క ప్రశ్నకు మాత్రం ఎక్కడా జవాబు దొరకలేదు. అది పెద్దబాపు సంగతి.

ఆయన ఒక మే నెల పొద్దున చాయ్ తాగి, తువాల భుజాన వేసుకుని యార్డుకు పోయాడు. మే నెల మధ్యాహ్నం మిర్చి యార్డు ఎలా ఉంటుందో వరంగల్ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కింద సిమెంటు కాలుతుంది, పైన రేకులు కాలుతాయి, గాలి పీలిస్తే ఘాటు. అయినా వేలం ముగిసేదాకా ఎవరూ కదలరు. ఆయన ఒక కుప్పలోంచి కాయ తీసి చూస్తూ చూస్తూ అక్కడే కూలబడ్డాడట. దవాఖానకు తెచ్చేసరికి ఒళ్లు కాలిపోతూ ఉంది, చెయ్యి పెట్టలేకపోయామని కొడుకు చెప్పాడు. కాగితం మీద మాత్రం గుండె ఆగి పోయాడని రాశారు.

ఆ కాగితం కూడా పెద్దమ్మ మొత్తం చదివింది. "గుండె అందరిదీ ఆగుతది. ఎందుకాగిందో రాయాలె గద" అంది. అడిగితే వయసు అన్నారు. ఇంకొకరిని అడిగితే ఎండ ఎవరి చేతిలో ఉంది అన్నారు. దినాలకు వచ్చిన వాళ్లు రాసిపెట్టి ఉంది అన్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. నాతో మాత్రం ఒకసారి అంది.

"మంచిగున్న మనిషి. పొద్దుగాల చాయ్‌ల చక్కెర తక్కువైందని అలిగి పోయిండు. మధ్యాహ్నానికి లేడు. ఎవలో ఒకలు జవాబు చెప్పాలె గదనే."

ఆయన పోయాక ఆమె జీవితంలో ఇంకోటి కూడా మారింది. అది చెప్పకపోతే తర్వాతి కథ మీకు సగమే తెలుస్తుంది. మా ఇళ్లల్లో పెళ్లికి కార్డు ఇస్తే సరిపోదు. ఆ ఇంటి ఆడవాళ్లు కుంకుమ బరిణె పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ల నుదుట బొట్టు పెట్టి, "తప్పకుండ రావాలె" అని పిలవాలి. కార్డు అందుకుని పోకపోయినా ఎవరూ పట్టించుకోరు. బొట్టు పెట్టించుకుని పోకపోతే మాత్రం రెండిళ్ల మధ్య ఏళ్ల తరబడి మాటలుండవు. పెద్దమ్మకు ఈ పని ప్రాణం. ప్రతి ఇంట్లోనూ కాసేపు కూర్చుని నాలుగు సంగతులు కనుక్కోవచ్చు కదా! గల్లీలో ఎవరింట పెళ్లయినా పిలుపులకు ఆమెనే తోడు తీసుకుపోయేవాళ్లు.

భర్త పోయిన ఆడవాళ్లు బొట్టు పెట్టకూడదు, వాళ్లకు ఎవరూ పెట్టరు. పెద్దబాపు పోయాక ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అలా అనాల్సిన అవసరం కూడా లేకుండా అంతా జరిగిపోయింది. కోడలు పట్టుచీర కట్టుకుని, బరిణె తీసుకుని పిలుపులకు బయల్దేరితే పెద్దమ్మ వంటింట్లోకి పోయి డబ్బాలు సర్దుతూ ఉండేది. పొద్దునే సర్దిన డబ్బాలే అవి. నాకు చాలా కష్టంగా ఉండేది ఆ చప్పుడు వినడం.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి పెద్దమ్మ పేపరు లోపలి పేజీ మడిచి నాకోసం దిండు కింద పెట్టి ఉంచింది.

"మంచు దేశమట. అందరు ముసలోళ్లట, ఆడోళ్లేనట. ఎండకు మేం సచ్చిపోతాన్నం, మీరు చేసేది చాలదని వాళ్ల సర్కారు మీద కేసేసి గెలిచిండ్రట. నిజమేనా, ఊకెనే రాసిండ్రా?"

నిజమేనన్నాను. ఆ తీర్పు గురించి మేమూ బార్ రూములో మాట్లాడుకున్నాం. అంతే, ఆ రోజు నాకు అన్నం పెట్టడం కూడా మరిచిపోయింది. మంచు దేశంలో ఎండ ఏంది? ఆ ముసలమ్మలు ఒకరికొకరు ఎట్ల ఎర్క? ఇంట్ల కోడండ్లు ఏమనలేదా? జడ్జి ముందు కూసున్నరా, నిలబడ్డరా? గెలిచినంక ఏం తిన్నరు? చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదని చెబితే, "గంత పెద్ద వార్త రాసినోడు గది గూడ రాయాలె" అని విసుక్కుంది.

ఆ తర్వాత నాకు ప్రతి ఆదివారం ఒక పని పడింది. ప్రపంచంలో ఎవరెవరు ఎండ మీద, వాన మీద, వరద మీద కేసులు వేశారో వెతికి ఆమెకు చెప్పాలి. ఎక్కడో మంచుకొండల కింద ఉండే ఒక రైతు, తన ఊరి మీదికి కరిగిన మంచు వచ్చి పడుతుందేమోనని, సముద్రాల అవతల బొగ్గు కాల్చి కరెంటు చేసే కంపెనీని కోర్టుకు లాగాడు. ఏళ్లపాటు తిరిగి ఆఖరికి ఓడిపోయాడు. కానీ అలాంటి కంపెనీలను కోర్టులో నిలదీయవచ్చని అదే కోర్టు ఒప్పుకుంది.

"ఓడిండు గని, వాళ్లతోటి ఒక మాటైతే అనిపిచ్చిండు" అంది పెద్దమ్మ. "గాయిన్ని నేను సూడాలె. ఏ భాష మాట్లాడ్తడో?"

మన సుప్రీంకోర్టు కూడా, మారిపోతున్న వాతావరణం వల్ల కలిగే కీడు నుంచి కాపాడబడే హక్కు మనుషులకు ఉందని చెప్పిందన్నాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుంది.

"నాక్కూడ ఉన్నదా హక్కు?"

"ఉన్నది."

"మీ పెద్దబాపుకు ఉండెనా?"

"ఉండె."

"మరి గది ఏడ తీసుకోవాలె? ఎమ్మార్వో ఆఫీసుల ఇస్తరా?"

నవ్వుతూనే అడిగింది గానీ కళ్లు నవ్వలేదు. అప్పుడే నాకు అర్థమైంది, ఈమె ఊరికే వార్తలు పోగు చేయడం లేదు. తన ప్రశ్న ఎవరిని అడగాలో వెతుక్కుంటోంది.

నాకు తెలిసింది చెప్పాను. నలుగురికీ కీడు చేసే పని మీద మామూలు జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు. ఒక్కరు వేస్తే చాలదు, ఇద్దరో అంతకంటే ఎక్కువ మందో కలిసి కోర్టు అనుమతి అడగాలి. కోర్టు అనుమతిస్తేనే దావా నడుస్తుంది. సర్కారు మీద వేసేటప్పుడు రెండు నెలల ముందే నోటీసు ఇవ్వాలి.

"కార్డు ముందుగాల పంచుడన్నట్టు" అంది.

"అట్లనే అనుకో. ఇంకోటి, మే నెలల కోర్టుకు సెలవులుంటయి. గది చూసుకొని ఏయాలె."

"సెలవులెందుకు?"

"ఎండకాలం గద పెద్దమ్మా."

"ఎండకు కోర్టు బందు పెడ్తరు. యార్డు బందు పెట్టరు" అంది మెల్లగా. మా దావాలో నేను రాసిన వాక్యాల్లో నాకు నచ్చిన వాక్యం ఇదొక్కటే, కాస్త మర్యాదగా మార్చి రాశాను.

ఇద్దరు చాలు కాబట్టి పెద్దమ్మా, ఆమె కొడుకూ సంతకం చేస్తే సరిపోతుందని నా లెక్క. మర్నాడు వకాలత్‌నామా కాగితాలు పట్టుకుని వెళ్లేసరికి పెద్దమ్మ తలస్నానం చేసి, నీరుకావి రంగు చీర కట్టుకుని, చేతిలో పళ్లెంతో నిలబడి ఉంది. పళ్లెంలో వెండి కుంకుమ బరిణె. కోడలు గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"ఏడికి పెద్దమ్మా?"

"పిలుపులకు. గల్లీల ఇంతమంది ఆడోళ్లుండంగ నేనొక్కదాన్నే పోయి సర్కారు మీద కేసేస్తే రేపు ఏమనుకుంటరు? మాకొక మాట చెప్పలేదనరా?"

కోర్టు కేసుకు ఇలా ఎవరూ పిలవరని చెప్పబోయాను. కోడలు ఇంకో సంగతి చెప్పలేక నలిగిపోతోంది. చివరికి "అత్తమ్మా, బరిణె నేను పట్టుకుంట, మీరు పిలువుండ్రి" అంది. పిల్ల మంచిది, అత్తను ఎవరైనా ఏమైనా అంటారేమోనని భయం.

"పెండ్లికైతె పట్టింపు బిడ్డా. కేసుకు ఎవలు పెట్టిండ్రు రూలు?" అని పెద్దమ్మ నా వైపు తిరిగింది. "ఏమే వకీలమ్మా, ఉన్నదా రూలు?"

లేదన్నాను. నా వకీలు చదువు అంత బాగా ఇంకెప్పుడూ అక్కరకు రాలేదు.

మూల మీది కిరాణం అక్క దగ్గర మొదటి ఇబ్బంది వచ్చింది. ఆమె పూజలూ నోములూ గట్టిగా పట్టించుకునే మనిషి. బరిణె చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "నువ్వు పెట్టుడేందక్కా? నాకు మంచిది కాదు" అంది. నాకు ఒళ్లు మండింది. పెద్దమ్మకు మండలేదు. బరిణె మూత తీసి ఆమె ముందు పట్టుకుంది. "మరి నువ్వే పెట్టుకో. నేను పిలుస్త" అంది. కిరాణం అక్క తన వేలితో తనే పెట్టుకుంది. తర్వాత కాగితం మీద సంతకం చేసి, కేసు సంగతి వివరంగా అడిగింది. యార్డులో హమాలీ పని చేసే తన తమ్ముడు కిందటి ఎండాకాలం పడిపోయి లేచిన సంగతి అప్పుడు బయటికి వచ్చింది.

ఎదురింటి అవ్వ దగ్గర ఇంకోలా జరిగింది. ఆమె భర్త ఎప్పుడు పోయాడో గల్లీలో గుర్తున్న వాళ్లు తక్కువ. మేము లోపలికి వెళ్లగానే, పిలుపులకు వచ్చినవాళ్లను చూసి అలవాటు కొద్దీ లేచి, "కోడలు లోపలున్నది, పిలుస్త" అని పక్కకు తప్పుకుంది.

"నీకే" అంది పెద్దమ్మ.

"నాకెందుకే? నేనూ..."

"ఎండ నిన్ను ఇడిసిపెట్టిందా? ముండమోసిందని నీ ఇంటి మీద పడకుంట పోయిందా?" అని గద్దించి, దగ్గరికి వెళ్లి నుదుట పెట్టింది. "తప్పకుండ రావాలె" అంది.

అవ్వ అటూ ఇటూ గోడల వంక చూసింది. తర్వాత, "అద్దమేడున్నదే?" అని తన కోడలిని అడిగింది. ఎక్కడ ఉందో అవ్వకే తెలియదు, చూసుకోవడం మానేసి అంత కాలమైంది. అద్దం తెచ్చి ఇస్తే చాలాసేపు చూసుకుంది. నేను కాగితాలు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను. వకీళ్లు ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు గానీ, ఎందుకో అలవాటు లేదు.

ఇలా గల్లీ ఆడవాళ్లంతా వాదులయ్యారు. సర్కారూ, మన దగ్గరే బొగ్గు కాల్చి కరెంటు చేసే ఒక కంపెనీ ప్రతివాదులు. ఇంటికొచ్చాక పెద్దమ్మకు కొత్త సందేహం వచ్చింది. తల మీద ఫ్యాను తిరుగుతోంది. దాన్నే చూస్తూ అడిగింది.

"గా కంపెనోళ్లు బొగ్గు కాల్చుడు మనకు కరెంటు ఇచ్చెతందుకే గద? మరి మనది గూడ తప్పున్నట్టే గద. మన మీద గూడ కేసు పడ్తదా?"

పడదు గానీ అది మన దావాలో రాయకూడదన్నాను. ఎవరూ తమకు వ్యతిరేకంగా తామే రాసుకోరు.

"కోర్టుల అబద్ధం రాయొద్దంటరు. ఇప్పుడు నిజం రాయొద్దంటవు. మరి ఏం రాస్తరే మీరు?"

చివరికి ఆమె మాటే నెగ్గింది. వాదులు కూడా కరెంటు వాడుకునేవారేనని, తాము మానుకోవలసింది ఏదైనా ఉంటే కోర్టు చెబితే వింటామని ఒక పేరా చేర్చాను. నా తోటి వకీళ్లు అది చూసి నవ్వారు. మేము అడిగినవి పెద్దవేమీ కావు. ఎండ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం పూట యార్డులో వేలం ఆపాలి, నీడ, నీళ్లు ఏర్పాటు చేయాలి. బొగ్గు కంపెనీ తన పొగ ఎంతో కోర్టు ముందు పెట్టి, దాన్ని ఎలా తగ్గిస్తుందో చెప్పాలి. పెద్దమ్మ ఆఖరున ఇంకొక్కటి రాయమంది. వడదెబ్బతో పోయినవాళ్లకు వడదెబ్బతో పోయారనే రాయాలి.

నోటీసు గడువు దాటాక దావా వేశాం. అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే ముందు కోర్టు సర్కారునూ కంపెనీనీ జవాబు అడిగింది. జవాబులు రావడానికి చాలా వాయిదాలు పట్టాయి. ప్రతి వాయిదాకూ పెద్దమ్మ వచ్చేది. కోర్టులో ఆమెకు తెలియని మనిషి లేకుండా పోయాడు. టైపు చేసే ఆయన మెడనొప్పి, క్యాంటీన్ ఆమె కూతురి చదువు, అన్నీ ఆమె ద్వారానే నాకు తెలిశాయి. అవతలి వకీలును కూడా వదల్లేదు. "నీ ఇంట్ల ఏసీ ఉన్నదా బిడ్డా? రాత్రంత ఏస్తవా?" అని అడిగితే ఆయన ఫైలు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు.

జవాబులు వచ్చిన రోజు వాటిని గుమ్మంలో కూర్చుని ఆమెకు చదివి వినిపించాను. ఎండల నుంచి ప్రజలను కాపాడటానికి ఇప్పటికే ప్రణాళిక ఉందని సర్కారు రాసింది. ఎండ ప్రపంచమంతా ఉంది, ఫలానా యార్డులో ఫలానా రోజు ఎండ మా ఒక్క పొగగొట్టం వల్లే వచ్చిందనడానికి రుజువు లేదని కంపెనీ రాసింది. పైగా మా కరెంటు వాడుకుంటున్నట్టు వాదులే ఒప్పుకున్నారని కూడా రాసింది. నేను అనుకున్నంతా అయింది. పెద్దమ్మ రెండోసారి చదివించుకుంది. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. మొహం వెలిగిపోయింది.

"ఎండ లేదని ఎవలూ అనలేదు, సూశినవా?" అంది. "ఎండ ఉన్నదని ఇద్దరు ఒప్పుకున్నరు. నాది గాదంటె నాది గాదన్నరు, గంతే. ఇన్నేండ్లకు ఎండ అనే మాటైతె కాగితం మీద రాసిండ్రు గద."

ఆ రోజు సాయంత్రం గల్లీలో ఇంటింటికీ పోయి ఆ జవాబు సంగతి చెప్పి వచ్చింది. ఎదురింటి అవ్వకు రెండుసార్లు చెప్పింది. చలికాలమంతా ఆ ఉత్సాహంలోనే ఉంది. కేసు గెలుస్తామా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. "గెలుసుడు తర్వాత. ముందుగాల అడగనియ్యాలె" అనేది. అనుమతి మీద వాదనలకు ఉగాది ముందు తేదీ పడింది. ఆ తేదీ కోసం కొత్త చెప్పులు కొనుక్కుంది. శివరాత్రి దాటాక ఒక పొద్దున చాయ్‌కి లేవలేదు. ఎండకు దొరక్కుండా చల్లటి పూటనే పోయింది. "మా అత్తమ్మ గడుసుది" అని కోడలు అప్పుడు ఏడ్చింది.

దినాలు అయిపోయిన రోజు గల్లీ ఆడవాళ్లంతా భోజనాల దగ్గర నన్ను చుట్టుముట్టారు. కోర్టు పేషీ ఎన్నడని అడిగారు. అవతలి వాళ్లు అప్పటికే కోర్టులో ఒక కాగితం పెట్టారు. దావా వెనక ఉన్న మనిషి చనిపోయింది, మిగతావాళ్లు పేరుకే ఉన్నారు, కాబట్టి అనుమతి ఇవ్వనక్కర్లేదని. ఆ సంగతి చెప్పి, ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే తప్పుకోవచ్చని కూడా చెప్పాను. ఇల్లు వదిలి కోర్టుకు రావడం అందరికీ కుదిరే పని కాదు.

ఎదురింటి అవ్వ విస్తరి ముందు నుంచే తలెత్తింది.

"తప్పుకునుడేందే? బొట్టు పెట్టి పిలిచిందాయె. పిలిచినామె లేకుంటె పోకుంట ఉంటమా?"

పేషీ రోజు పొద్దున వాళ్లను తీసుకుపోవడానికి వెళ్లాను. పెద్దమ్మ గుమ్మంలో కోడలు ఆ వెండి బరిణె పట్టుకుని నిలబడి ఉంది. దాన్ని అవ్వ చేతికిచ్చింది. అవ్వ ఒక్కొక్కరికీ పెడుతోంది. కిరాణం అక్క వంతు వచ్చింది. ఈసారి బరిణె తన చేతిలోకి తీసుకుంటుందేమోనని నేను చూస్తూనే ఉన్నాను. ఆమె నుదురు వంచి ముందుకొచ్చి నిలబడింది.

కోర్టులో అవతలి వకీలు చక్కగానే వాదించాడు. ఇది ఒక్క మనిషి పట్టుదల సార్, మిగతావాళ్లకు ఈ దావా ఏమిటో కూడా తెలియదు అన్నాడు. నేను లేచి జవాబు చెప్పబోయి, పెద్దమ్మ మాట రాగానే ఆగి వెనక్కి తిరిగి చూశాను. జడ్జిగారు నన్ను చూసి, వాదులెవరైనా వచ్చారా అని అడిగారు. వెనక గోడ పొడవునా వాళ్లు నిలబడి ఉన్నారు. ఆయన ముందున్న అవ్వను పిలిచారు.

"అమ్మా, ఈ కేసు దేని గురించో మీకు తెలుసా?"

"తెల్వకేంది అయ్యా? ఎండ ఉన్నదని అందరు రాసిండ్రట. ఎవలదంటె ఎవలు చెప్తలేరు. గది అడుగుదామని వచ్చినం."

"మీకెవరు చెప్పారు ఇదంతా?"

"పిలిచినామె చెప్పింది" అంది అవ్వ.

జడ్జిగారు తల వంచుకుని చాలాసేపు రాశారు. అనుమతి ఇస్తున్నట్టు చదివారు. కంపెనీ తన పొగ వివరాలు వచ్చే వాయిదాకు తేవాలన్నారు. ఆ వాయిదా సెలవుల తర్వాతే పడింది. కేసు ఏమవుతుందో నాకు తెలియదు. ఓడినా ఓడతాం. కానీ పెద్దమ్మ ప్రశ్న ఇప్పుడు కోర్టు పుస్తకంలో ఉంది, దానికి ఎవరో ఒకరు నిలబడి జవాబు చెప్పక తప్పదు. అన్నట్టు, జడ్జిగారు ఆ వేళ నల్లకోటులోనే ఉన్నారు. చెమటకు ఆయన కాలరు తడిసి ఉంది. ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

బయటికి వచ్చేసరికి వరండాలో గాలి లేదు. ఉగాది కూడా రాకముందే మెట్ల మీద కాలు పెట్టలేకుండా ఉంది. అందరూ కొంగులతో మొహాలు తుడుచుకుంటున్నారు. అవ్వ చెంపలు తుడుచుకుంది, మెడ తుడుచుకుంది. నుదుటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"చెదిరిందా బిడ్డా?" అని నన్ను అడిగింది.

"లేదవ్వా."

కొంగు కొసను వేలికి చుట్టుకుని, ఆ కుంకుమ చుట్టూ చెమటను కొంచెం కొంచెంగా అద్దుకుంటూ మెట్లు దిగింది.